తోక ఉన్న ఆరు

సోమవారం పొద్దున మీటింగు గదిలో ఏడు కుర్చీలు వేశారు. వేసింది సిడ్నీయే. వేసి, బల్ల తుడిచి, నీళ్ళ గ్లాసులు పెట్టి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. లోపల మాట్లాడబోయేది కంప్యూటర్ మిషన్ల గురించి. పంతొమ్మిదేళ్ళుగా ఆ మిషన్లకు టేపులు ఎక్కించేదీ దించేదీ అతనే. ఎనిమిదో కుర్చీ వెయ్యమని ఎవరూ అనలేదు. అతనూ అడగలేదు.

డర్బన్ పక్కన వెరులంలో ఉన్న ఆ డిపో నుంచి ఆసుపత్రులకు మందులు వెళతాయి. పాత ప్రభుత్వంలో తెల్లవాళ్ళ ఆసుపత్రుల లెక్క డర్బన్ మిషన్లో ఉండేది. ఇండియన్లది వెరులం మిషన్లో, జూలూలది ఉలుండి మిషన్లో. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. అందరికీ వోటు వచ్చి మూడేళ్ళయింది. ఇప్పుడు లెక్క ఒక్కటే. మూడు చోట్ల ఎక్కడ రాసినా తక్కిన రెండు చోట్లా అదే పడాలి. టెలిఫోను లైను మీద మిషన్లు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. చెప్పుకుంటున్నాయి గానీ కుంటుకుంటూ. మూడు మిషన్లలోనూ డేటాబేసు ఉంది, మూడింటిలోనూ వెర్షన్ వేరు. అన్నింటినీ ఒకే వెర్షన్‌కి తేవాలి. ఏ వెర్షన్ అన్నదే లోపలి మాట.

తలుపు సందులోంచి క్లైవ్ గొంతు వినిపించింది. మిషన్ల సెక్షన్‌కి మేనేజరు. జోహన్నెస్‌బర్గ్ నుంచి వచ్చి ఎనిమిది నెలలయింది.

"ఎనిమిది వచ్చింది కదా. అన్నిటికంటే కొత్తది. అదే వేసేద్దాం."

"ఉలుండి మిషన్ ఎనిమిదిని మోయలేదు, క్లైవ్. దాని లోపలి సిస్టమే పాతది." అది జాహ్నవి. ఇండియా నుంచి వచ్చిన డేటాబేసు ఇంజనీరు.

"అయితే ఉలుండిని తర్వాత చూద్దాం. ముందు ఇక్కడా డర్బన్‌లోనూ వేద్దాం."

"మళ్ళీ ఉలుండిని బయటే నిలబెడతామా?"

లోపల ఎవరో దగ్గారు. సిడ్నీ అక్కడ నిలబడడం బాగుండదని టేపుల గదికి వెళ్ళిపోయాడు.

మీటింగు అయ్యాక క్లైవ్ అక్కడికి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది గానీ ఇవ్వలేదు.

"అంకుల్ సిడ్నీ, శుక్రవారం పేర్ల లిస్టు పంపాలి. మిషన్ రూములో ఉండేవాళ్ళకి మెట్రిక్ సర్టిఫికెట్ ఉండాలట. రూలు నేను పెట్టింది కాదు."

"నా పేరు?"

"గోడౌన్. ట్రాలీలు. వచ్చే సోమవారం నుంచి."

"యెస్," అన్నాడు సిడ్నీ. దూది స్పిరిట్లో ముంచి టేపు డ్రైవు తల తుడవసాగాడు. ఎడమ నుంచి కుడికి, ఒకే దిక్కుకి. వెనక్కి తుడిస్తే దుమ్ము మళ్ళీ లోపలికే పోతుంది. క్లైవ్ వెళ్ళాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. దూది తెల్లగా వచ్చేదాకా.

మధ్యాహ్నం జాహ్నవి వచ్చింది. టేపుల గది మూలన ఒక పాత మిషన్ ఉంది. పనికిరాదని పక్కన పెట్టినది. సిడ్నీ దాన్ని పారెయ్యనివ్వలేదు. కంపెనీ నుంచి కొత్త వెర్షన్ టేపు వచ్చినప్పుడల్లా ముందు దానిలో ఎక్కించి, ఉలుండి మిషన్‌తో మాట్లాడిస్తాడు. ఆ మిషన్ మీద నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉంది. దానికి దారంతో పెన్సిల్ కట్టి ఉంది. జాహ్నవి ఊరికే తెరిచింది. తెరిచి అలాగే నిలబడిపోయింది.

"ఇది తెలుగు!"

సిడ్నీ తల తిప్పి చూశాడు.

"అంకుల్, మీరు రాసిందేనా?"

"నాదేనమ్మా."

ఆమె ఆర్నెల్లుగా అతన్ని చూస్తోంది. గుడ్ మార్నింగ్, గుడ్ నైట్ తప్ప మరో మాట లేదు. అతనికి తెలుగు వచ్చని ఆమెకు తెలియదు. ఆమె తెలుగు మనిషని అతనికి తెలుసు. ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే విన్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"అవోకాలో సాయంత్రం బడి ఉండేదమ్మా. మూడేళ్ళు ఎళ్ళినా. మరింక ఏ బడికీ ఎళ్ళలేదు. ఇంగిలీసు పెట్టెల మీద సూసి నేర్సుకున్నా. రాయడం ఇదే వచ్చు."

"మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది. మాది విజయనగరం."

"మాదీ ఆ పక్కేనంట. మా తాత సెప్పీవోడు. ఏ ఊరో తెల్దు."

పుస్తకంలో మాటలు తక్కువ. ఎక్కువ భాగం గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అలాంటి కట్టలు పేజీ నిండా ఉన్నాయి. పైన ఒక లైను: "ఉలుండి. ౭.౬." కింద చివర్న ఒక్క మాట: "ఊరింది."

"ఊరింది అంటే?"

సిడ్నీ చేతులు తుడుచుకున్నాడు. "మా ఐరీన్ మామిడికాయ పచ్చడి పెడతాది. పెట్టిన దినాన తింటే పచ్చి. కారం ఒక పక్క, ఉప్పు ఒక పక్క, ముక్క ఒక పక్క. నాలుగు వారాలు ఉంచితే అన్నీ కలుస్తాయి. అదీ."

"వెర్షన్ కూడా అంతేనా?"

"అంతే. ఒక్క దినం నడిస్తే నడిసినట్టు కాదు. పొద్దున్నే ఉలుండి డిపోలో ఉండే ఆగ్నెస్ ఒక పెట్టె బేండేజీ అడుగుతాది, ఉత్తుత్తికే. ఇక్కడ ఒక పెట్టె అనే పడితే ఒక గీత. తొంబై గీతలు దాటితే ఊరినట్టు."

జాహ్నవి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "కంపెనీ పుస్తకంలో ఏడు పాయింట్ మూడు నుంచి ఆరు దాకా ఏదైనా ఉలుండి సిస్టంతో పోతుందని రాశారు. ఏది గట్టిదో రాయలేదు. అది ఇక్కడుంది!"

"పడిపోయినవి రాయలేదు," అన్నాడు సిడ్నీ. "నిలబడినవే రాసినా. పడినవి గురుతుంటాయి."

అప్పుడే గోడౌన్ నుంచి పిలుపు వచ్చి అతను వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పుస్తకం మూసి, పెన్సిల్ దాని మీద అడ్డంగా పెట్టి ఉంది.

మర్నాడు పొద్దున మిషన్ రూము గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఏ మిషన్‌కి ఏ గంటకి ఏ వెర్షన్ ఎక్కించాలో టైపు చేసి ఉంది. కింద క్లైవ్ సంతకం, జాహ్నవి సంతకం. సిడ్నీ కళ్ళద్దాలు పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. ఉలుండి, 7.3. వెరులం, 7.3. డర్బన్, 7.3.

మళ్ళీ చదివాడు. మూడు.

ఏడు పాయింట్ మూడు అతనికి బాగా గుర్తుంది. కిందటేడు పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు గాలివానకి లైను తెగి మళ్ళీ వచ్చినప్పుడు, అడిగిందే రెండోసారి అడిగింది. మొండిది. ఆ పేజీ చింపేశాడు.

జాహ్నవి లోపల కీబోర్డు మీద టకటకలాడిస్తోంది. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు, మెట్రిక్ చదివినవాళ్ళు, ఆమె చెప్పింది రాసుకుంటున్నారు. సిడ్నీ తలుపు దగ్గర నిలబడ్డాడు. చదువుకున్న పిల్ల. ఏదో చూసే రాసి ఉంటుంది. పెద్ద పుస్తకాలు ఉన్నాయి. వచ్చే సోమవారం నుంచి తనది ట్రాలీల పని. ఎవరూ అడగలేదు.

"అంకుల్, పాతదంతా టేపు మీదికి తీశారా?"

"తీసినా. రెండు కాపీలు."

"థాంక్స్ అంకుల్. మీ పుస్తకం లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు."

సిడ్నీ నోరు తెరిచాడు. ఆమె అప్పటికే తెర వైపు తిరిగిపోయింది. నోరు మూసుకున్నాడు. టేపులకు చీటీలు అంటించి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మంగళవారమంతా బాగానే నడిచింది. క్లైవ్ జాహ్నవి భుజం తట్టాడు.

బుధవారం పదింటికి ఉలుండిలో వాన మొదలైంది. పదకొండున్నరకి ఫోను మోగింది. ఆగ్నెస్. ఉలుండి డిపోలో మిషన్ చూసే జూలూ మనిషి. సిడ్నీని ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం రెండేళ్ళుగా రోజూ వింటుంది. ఇద్దరూ జూలూలోనే మాట్లాడుకుంటారు. అయ్యా అన్నట్టు అతన్ని బాబా అంటుంది.

"బాబా సిడ్నీ, ఇన్సులిన్ నలభై పెట్టెలు అడిగాను. నా తెర మీద నలభై. నీ దగ్గర ఎంతుంది?"

సిడ్నీ చూశాడు. "ఎనభై."

"డర్బన్‌కి ఫోన్ చేశాను. వాళ్ళకి అసలు కనపడలేదట. బాబా, నా ఫ్రిజ్‌లో నాలుగు పెట్టెలున్నాయి. రేపు మూడు ఆసుపత్రులకి పంపాలి. లారీ ఎక్కిస్తారా ఎక్కించరా? ఎవరి లెక్క నమ్మను?"

"లైను పోయిందా?"

"పోయి వచ్చింది."

"సరే," అన్నాడు సిడ్నీ. ఫోను పెట్టలేదు. అవతల ఆగ్నెస్ ఊపిరి వినిపిస్తోంది. తర్వాత ఆమే పెట్టేసింది.

పావుగంటలో అందరూ మిషన్ రూములో ఉన్నారు. జాహ్నవి మొహం ఎర్రబడి ఉంది. క్లైవ్ గోడ మీది కాగితం పీకి చేత్తో ఊపాడు.

"ఏడు పాయింట్ మూడు ఎందుకన్నావు? ఎవరి మాట పట్టుకుని?"

"ఇక్కడ తొంభై రోజుల రికార్డు ఉంది, క్లైవ్."

"ఏది, నువ్వు చెప్పిన ఈ ఊరగాయ పుస్తకమా?" క్లైవ్ నల్ల పుస్తకం ఎత్తి చూపించాడు. కుర్రాళ్ళిద్దరూ నవ్వారు. "పికిల్ బుక్ చూసి ఒక రాష్ట్రానికి మందులు పంపిస్తాం మేం! దీన్ని గోడౌన్‌కి పంపండి, పుస్తకాన్నీ, పుస్తకం మనిషినీ!"

జాహ్నవి కూడా పుస్తకం వైపు అనుమానంగా చూసింది. సిడ్నీకి క్లైవ్ మాట తగల్లేదు. ఆ చూపు తగిలింది.

ముందుకు వచ్చి క్లైవ్ చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. పేజీ తీశాడు. బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు.

"అది మూడు కాదమ్మా."

"అదేమిటి? మూడే కదా. ఇదిగో, ఇంగ్లీషు మూడులాగే..."

"మూడు ఇలగ ఉంటాది." పెన్సిల్ తీసుకుని పక్కన ౩ వేశాడు. "కింద ఇంకా గీత సాగితే, తోకలాగ, అది ఆరు." ౬ వేశాడు. "ఇది తోక."

జాహ్నవి రెండింటినీ చూసింది. పేజీ మీదిది చూసింది. తోక స్పష్టంగా ఉంది. నల్లగా, నొక్కి రాసి ఉంది.

"తెలుగు అంకెలు నాకు రావు అంకుల్," అంది చిన్నగా. "మా బడిలో నేర్పలేదు. అన్నీ ఇంగ్లీషు అంకెలే. పాత కేలండర్లో చూసినవే. వెర్షన్లన్నీ ఏడే కాబట్టి ముందుది ఏడనుకున్నాను, రెండోది చూడగానే మూడనుకున్నాను."

"నీకు రావా?" సిడ్నీ నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇండియా నుంచి వచ్చిన పిల్లకి తెలుగు అంకెలు రాకపోవడం అతను ఊహించలేదు.

"ఏమంటున్నారు?" అన్నాడు క్లైవ్.

"తప్పు నాది," అంది జాహ్నవి ఇంగ్లీషులో. "పుస్తకంలో సెవెన్ పాయింట్ సిక్స్ అనే ఉంది. నేను చదవడం తప్పు చదివాను." మళ్ళీ తెలుగులో, "మంగళవారం గోడ మీద కాగితం చూశారా అంకుల్?"

"సూసినా."

"తప్పని తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"నన్ను అడగలేదు."

ఆమె పుస్తకం మూసింది. "నన్ను అనండి. క్లైవ్‌ని అనండి. మరి ఆగ్నెస్ ఏం చేసింది?"

మీటింగులో తనకి కుర్చీ లేదన్న సంగతి సిడ్నీ సోమవారం నుంచీ గుండెలో పట్టుకుని తిరుగుతున్నాడు. దాన్ని పట్టుకునే మంగళవారం నోరు మూసుకున్నాడు. ఫ్రిజ్‌లో నాలుగు పెట్టెలు.

ఫోను దగ్గరికి వెళ్ళి ఉలుండి నంబరు తిప్పాడు. "ఆగ్నెస్, నలభై. నీ కాగితం మీద ఉన్నదే నిజం. లారీ ఇప్పుడే ఎక్కిస్తున్నాను." ఫోను పెట్టి క్లైవ్ వైపు తిరిగాడు. ఇంగ్లీషులో, అడగకుండానే, జీవితంలో మొదటిసారి అంత పొడుగు మాట అన్నాడు.

"పాత టేపు రెండు కాపీలు నా దగ్గర ఉన్నాయి. ఈ రోజు వెనక్కి పోదాం. రేపు సెవెన్ పాయింట్ సిక్స్. ముందు ఉలుండి, తర్వాత ఇక్కడ, ఆఖర్న డర్బన్. బలహీనమైనదాన్ని ముందు నిలబెట్టాలి. అది నిలబడితే అన్నీ నిలబడతాయి. వాన కోసం చూడనక్కర్లేదు. లైను నేనే పీకుతాను."

"లైను పీకుతావా?"

"పీకి పెడతాను. మూడుసార్లు."

క్లైవ్ జాహ్నవి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. మెట్రిక్ కుర్రాళ్ళలో ఒకడు బీరువా తాళం కోసం సిడ్నీ వైపు చెయ్యి చాచాడు. సిడ్నీ ఇవ్వలేదు. తనే తీశాడు.

గురువారం సాయంత్రం నాలుగింటికి మూడు చోట్లా వెర్షన్ ఎక్కింది. సిడ్నీ మిషన్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టెలిఫోను తీగ రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఫోను స్పీకర్లో పెట్టి ఉంది.

"ఆగ్నెస్, పంపు."

"పంపుతున్నాను బాబా. బేండేజీ, నలభై పెట్టెలు."

మోడెం మీద ఎర్ర దీపం గబగబా కొట్టుకుంది. సగంలో ఉండగా సిడ్నీ తీగ పీకేశాడు. దీపం ఆగింది. క్లైవ్ పళ్ళ మధ్య గాలి పీల్చాడు. సిడ్నీ పెదవులు కదుపుతూ ముప్పై లెక్కపెట్టాడు, తీగ మళ్ళీ పెట్టాడు. మోడెం కీచుమంది, గొణిగింది, దీపం మళ్ళీ కొట్టుకుంది.

"ఎంతమ్మా?" అన్నాడు లేవకుండానే.

"నలభై," అంది జాహ్నవి తెర చూసి.

"డర్బన్?"

"నలభై."

"మళ్ళీ పంపు, ఆగ్నెస్."

రెండోసారి నలభై. మూడోసారి పీకి రెండు నిమిషాలు ఉంచాడు. క్లైవ్ గడియారం చూసుకున్నాడు, గోడకేసి చూశాడు, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. తీగ పెట్టాక జాహ్నవి తెరను అతని వైపు తిప్పింది. నలభై.

స్పీకర్లోంచి ఆగ్నెస్ గొంతు. "బాబా, ఇంత బేండేజీ నాకెందుకు? ఉలుండి మొత్తానికి కట్టు కడతావా?"

అందరూ నవ్వారు. క్లైవ్ కూడా. సిడ్నీ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పుస్తకం తెరిచి కొత్త పేజీ మీద ఒక గీత గీశాడు. ఒక్కటే. ఆగి, ఆలోచించి, ఎదుటి పేజీ పైన రాశాడు: "౭.౩. పడింది. లైను తెగితే రెండుసార్లు అడుగుద్ది." పడినదాన్ని రాయడం అదే మొదలు.

శుక్రవారం పొద్దున ఐరీన్ డబ్బాలో అన్నంతో పాటు చిన్న సీసా కూడా పెట్టింది.

"ఎవరికి?" అన్నాడు సిడ్నీ.

"ఆ విజయనగరం పిల్లకి. పేరు సెప్పినావు కాదు. మూత బిగించినా, టాక్సీలో వొంచకు. ఏటి, ఈ దినం ఆఖరా ఆ గదిలో?"

"తెల్దు."

"ప్రేయర్ చేసినా."

"యెస్."

పదింటికి క్లైవ్ పిలిచాడు. మీటింగు గదిలో. సిడ్నీ వెళ్ళేసరికి క్లైవ్, జాహ్నవి, కుర్రాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని బల్ల దగ్గరికి ఎవరో ముందే లాగి పెట్టారు. సిడ్నీ కుర్చీని ఒకసారి చూసి కూర్చున్నాడు.

బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి లిస్టు. గోడౌన్ అన్న గడిలో సిడ్నీ అప్పలసామి అని టైపు చేసి, పెన్నుతో కొట్టేసి ఉంది. కింద క్లైవ్ చేతిరాత. వెర్షన్ రిజిస్టర్ కీపర్, మిషన్ రూము.

"ఆ పోస్టుకి మెట్రిక్ అక్కర్లేదు," అన్నాడు క్లైవ్. "ఎందుకంటే ఆ పోస్టు నిన్నటిదాకా లేదు. ఎవరైనా అడిగితే, ఆ రిజిస్టరు చదవగలిగేది ఇతనొక్కడే అని రాశాను. అబద్ధం కాదు కదా." కాగితాల అంచులు సర్దాడు. "పికిల్ అన్నాను. అనకుండా ఉండాల్సింది."

"పికిలే," అన్నాడు సిడ్నీ. సీసా తీసి బల్ల మీద జాహ్నవి ముందు పెట్టాడు. "నాలుగు వారాలు దాటింది."

రెండో కాగితం ఏ మిషన్‌కి ఏ వెర్షన్ అన్నది. మూడు చోట్లా 7.6. కింద 'తయారు చేసినవారు' అన్న గీత ఖాళీగా ఉంది. జాహ్నవి పెన్ను అతని వైపు జరిపింది.

సిడ్నీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మెల్లిగా, ఒక్కొక్క అక్షరం నొక్కి తెలుగులో సంతకం చేశాడు. పక్కన తేదీ వేశాడు. ౧౯౯౭ అన్న చోట ఏడు సరిగా రాలేదనిపించి మళ్ళీ దిద్దాడు.

క్లైవ్ కాగితం తిప్పి చూశాడు. "అంకుల్, ఇది డర్బన్‌కి పోతుంది. అక్కడివాళ్ళు చదవగలిగేట్టు రాస్తే బాగుంటుందేమో."

మామూలుగా అయితే సిడ్నీ యెస్ అని ఇంకో కాగితం అడిగి ఉండేవాడు. పెన్నుకి మూత పెట్టాడు.

"నేర్చుకోమనండి," అన్నాడు.

జాహ్నవి పచ్చడి సీసా మీద చెయ్యి వేసి తల దించుకుంది. నవ్వు ఆపుకుంటోందో మరేమిటో. క్లైవ్ చెవులు ఎర్రబడ్డాయి. కోపం వస్తుందనుకున్నారు కుర్రాళ్ళు. క్లైవ్ గోడ మీది తెల్ల బోర్డు వైపు చూశాడు. సోమవారం నాటి రాతలు ఇంకా ఉన్నాయి. ఎనిమిది అని పెద్దగా రాసి సున్నా చుట్టి ఉంది. లేచి దాన్ని తుడిచేశాడు. బోర్డు పెన్ను తెచ్చి సిడ్నీకి ఇచ్చాడు.

"సరే. మొదట్నించీ వెయ్యి."

సిడ్నీ బోర్డు దగ్గరికి వెళ్ళాడు. సున్న నుంచి తొమ్మిది దాకా ఒక వరసలో వేశాడు. ఒక్కోదాని కింద ఇంగ్లీషు అంకె వేశాడు. మెట్రిక్ కుర్రాళ్ళు రాసుకుంటున్నారు. జాహ్నవి రాసుకుంటోంది. క్లైవ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, మూడు దాకా వేసి, నాలుగు, అయిదు వేసి, తల ఎత్తకుండా ఆరు వేశాడు.

సిడ్నీ వెనక నుంచి వంగి చూశాడు.

"అది మూడు," అన్నాడు. "తోక పెట్టు."